పైకి కాగితం

పొద్దున్నే మలికా చాయ్ వడకడుతుంటే, కూతురు ఫరహా వంటింటి గట్టు మీద లడ్డూ ప్యాకెట్ విప్పి కూర్చుంది. అట్టపెట్టె ఒక పక్క, లోపలి కవరు ఒక పక్క, పైన అంటించిన టేపు మరో పక్క. ఖమ్మంలో వాళ్ల అబ్బా ఫజల్ అమ్మే ఇప్పపువ్వు లడ్డూల ప్యాకింగులో ఏ భాగం దేనితో చేసిందో, ఎంత బరువుందో కొత్త రూలు ప్రకారం సర్కారు ఫారంలో విడివిడిగా రాయాలి.

కవరు పేపరని రాసెయ్యమన్నాడు ఫజల్, ఇటు చూడకుండానే. "మా దగ్గర ప్లాస్టిక్ లేదు" అని దుకాణం ముందు బోర్డు పెట్టుకున్న పెద్దమనిషి మరి.

ఫరహా కవరును నీళ్లగిన్నెలో నానేసింది. చాయ్ తాగేలోపు కాగితం పొట్టులా ఊడిపోయి, పల్చటి ప్లాస్టిక్ పొర చేతికొచ్చింది.

"నీకు తెలుసా అబ్బా?"

తెలుసు. లడ్డూ మెత్తబడకుండా లోపల పొర ఉంటుందని కవర్లమ్మినవాడు మొదటిరోజే చెప్పాడు. పైకి కనబడదులే అని ఫజల్ ఊరుకున్నాడు.

"పేపరనే రాయి. బోర్డు తీస్తే బజార్ల నా ఇజ్జత్ ఏం గావాలె?"

"మరి జంపక్క ఇజ్జత్?"

మలికా తల దించుకుంది. భద్రాచలం దిక్కు అడవి పల్లె నుంచి ఇప్పపువ్వు తెచ్చే జంపక్క, కిందటి వానాకాలం పువ్వు తడవకూడదని ప్లాస్టిక్ సంచిలో కట్టుకొచ్చింది. ఫజల్ గిరాకీల ముందు ఆమెను నిలబెట్టి కడిగేశాడు. సరుకుతో సహా వెనక్కి పంపేశాడు. అప్పటి నుంచి ఆమె అడ్డాకులు పరిచిన బుట్టలోనే తెస్తోంది, వానొస్తే తన కొంగు తీసి కప్పుతోంది.

ఫజల్ ఆ పొరను వేళ్ల మధ్య పట్టుకుని చాలాసేపు చూశాడు. భార్యకు, కూతురికి మొహం చూపించలేక గోడవైపు తిరిగాడు.

"ప్లాస్టిక్ అనే రాయి బేటా" అన్నాడు చివరికి.

దుకాణానికి వెళ్లి బోర్డు తనే దించాడు. మధ్యాహ్నం వానలో జంపక్క వచ్చింది. బుట్ట పొడిగానే ఉంది, మనిషే తడిసి ముద్దయింది. ఫజల్ ఎదురెళ్లి ఆమె నెత్తి మీది బుట్ట దించుకున్నాడు. కూర్చున్న గిరాకీలంతా చూస్తున్నారు.

"నా కవర్ల గూడ ప్లాస్టికే ఉంది జంపక్కా. తెలిసే నిన్ను గట్ల అన్న. మాఫ్ చెయ్."

జంపక్క కొంగు పిండుకుంటూ అడిగింది.

"అయితే సాబూ, వానొస్తే ఇగ సంచిల తేవచ్చా?"

నాలుగు తిట్టినా బాగుండేది. ఫజల్ తలైతే ఊపాడు గానీ, నీళ్లు నిండిన కళ్లు పైకెత్తలేకపోయాడు.