ఊదారంగు కేప్

శనివారం పొద్దున్నే లొరెట్టా పాన్‌కేకులు వేస్తోంది. డెబ్బయ్యారేళ్ల మనిషి, చెయ్యి మాత్రం ఇంకా వణకదు. పిండి పెనం మీద ఎక్కడ పడాలో అక్కడే గుండ్రంగా పడుతోంది. బల్ల దగ్గర మనవరాలు టెస్సా కాఫీ కప్పు రెండు చేతులా పట్టుకుని కూచుంది. కాలిఫోర్నియా నుంచి వచ్చి రెండు రోజులైంది, రేపు పొద్దున మళ్లీ విమానం. ఆ పిల్ల గోళ్ల అంచుల్లో నీలం రంగు ఇంకా పూర్తిగా వదల్లేదు.

ఆ నీలమే ఇంట్లో నిప్పు పెట్టింది. టెస్సా పనిచేసిన మొదటి సినిమా కెప్టెన్ హార్బర్. రేవును కాపాడే ఆ వీరుడి కథలు యాభై ఏళ్లకు పైగా కామిక్ పుస్తకాలుగా వస్తున్నాయి. సినిమాలో అతని భుజాల మీంచి వేలాడే కేప్‌కు రంగు అద్దింది టెస్సా. ప్రదర్శనకు పెట్టే నకళ్లకు మొన్నటిదాకా అద్దుతూనే ఉంది. తెరమీద ఆమె పేరు పడుతుందట. మధ్యాహ్నం మూడు గంటల ఆటకు మూడు టికెట్లు కొని ఫ్రిజ్ మీద అంటించింది.

మూడో టికెట్ ఎవరిదో ఆ మనిషి గరాజ్‌లో అట్టముక్కల మీద ఊదారంగుతో అక్షరాలు దిద్దుతున్నాడు. రోలండ్, లొరెట్టా ఒక్కగానొక్క కొడుకు. వారమంతా ఊరి ఉత్తరాలు పంచుతాడు, శనివారం ఊళ్లోని కెప్టెన్ హార్బర్ అభిమానులు పదిమందికి నాయకత్వం వహిస్తాడు. సినిమా ఇంకా ఒక్కడూ చూడలేదు గానీ అది చెడిపోయిందని అతనితో కలిపి పదకొండుమందీ ఎనిమిది నెలలుగా తీర్మానిస్తూనే ఉన్నారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

రోలండ్ చేతులు తుడుచుకుంటూ వంటింట్లోకి వచ్చాడు. మెడలో ఊదా మఫ్లర్.

"అమ్మా, సిరప్ ఇటియ్యి. రెండున్నరకల్లా సినిమా హాలు దగ్గరుండాలి."

టెస్సా తలెత్తింది. "లోపలికొస్తున్నావా నాన్నా?"

"బయటే నిలబడతాను. అట్టలు పట్టుకుని."

"ఏం రాశావు?"

రోలండ్ పాన్‌కేకు వంక చూస్తూ అన్నాడు. "నీలం వద్దు అని."

"అంటే నేను నా మొదటి సినిమాకి మా నాన్న అట్ట పక్కనుంచి నడిచి లోపలికెళ్లాలన్నమాట."

"నీమీద కాదమ్మా నా గొడవ, ఆ స్టూడియోవాళ్ల మీద. యాభై ఏడో సంచిక చివర్లో కెప్టెన్ కేప్ రంగు మారింది. ఎందుకో తర్వాతి సంచికల్లో చెప్పారు. చచ్చిపోతున్న తమ్ముణ్ణి అతను తన నీలం కేప్‌లో చుట్టి మోసుకెళ్లాడు. రక్తం ఇంకి అది ఊదాగా మారింది. ఉతకనని ఒట్టేసుకున్నాడు. నీలం కేప్ వేశారంటే తమ్ముణ్ణి మరిచిపోయినట్టే కదా!"

"ఇది వాళ్ల మొదటి కథ నాన్నా. అప్పటికి తమ్ముడు బతికే ఉన్నాడు. మొదటి సంచిక ముందు పెట్టుకుని ఆ నీలం కోసం ఏడుసార్లు అద్దాను."

"మొదటి సంచిక ఎవడిక్కావాలి? కెప్టెన్ అంటే ఊదా."

"నీకు ఆ కెప్టెన్ తమ్ముడున్నంత ప్రాణంగా నేనుంటే బావుండేది," అంది టెస్సా. లేచి, ఫ్రిజ్ మీది మూడో టికెట్ పీకి చెత్తబుట్ట వైపు నడిచింది.

"ఆగవే," అంది లొరెట్టా. పొయ్యి ఆపింది. కొడుకు అంత భద్రంగా దాచుకున్నదాన్ని పగలగొట్టాల్సి వస్తుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. పగలగొట్టకపోతే తండ్రీ కూతుళ్ల మధ్య అదే గోడవుతుంది. "రోలండ్, ఆ యాభై ఏడో సంచిక పట్రా."

"ఇప్పుడా? చేతులకు జిడ్డుంటే ముట్టుకోకూడదమ్మా."

"కడుక్కుంటాలే. వెళ్లు."

అతను అట్టపెట్టెలోంచి ప్లాస్టిక్ కవరుతో సహా పట్టుకొచ్చాడు. లొరెట్టా చేతులు రెండుసార్లు కడుక్కుని పదిహేనో పేజీ తెరిచింది. కెప్టెన్ వీపు మీద ఊదా కేప్, దాని అంచు దాటి సముద్రం మీదికి జారిన చిన్న ఊదా మరక.

"ఇదేమిటి?"

"తమ్ముడి రక్తం నీళ్లలో పడిన బొట్టు," అన్నాడు రోలండ్, గుళ్లో మాట్లాడినట్టు.

"పెళ్లైన కొత్తలో నేనేం పని చేశానో తెలుసుగా?"

"అచ్చుకి రంగులేసేదానివి."

"ఏం రంగులో ఎప్పుడైనా అడిగావా? పొడుగాటి గదిలో ముప్ఫైమంది ఆడవాళ్లం. ప్రతి పేజీకీ రంగుకో గాజులాంటి షీటు. నీలం కావలసిన చోట నీలం షీటు నింపాలి, ఎరుపు కావలసిన చోట ఎరుపు షీటు. రెండూ ఒకే చోట నింపితే ఊదా వస్తుంది. ఈ పుస్తకం చివరి పేజీలు నావి. నువ్వు కడుపులో ఉన్నావు, నెలలు నిండాయి. నీలం షీట్లన్నీ సరిగ్గానే అయ్యాయి. ఎరుపు దగ్గరికొచ్చేసరికి నొప్పులు మొదలయ్యాయి."

టెస్సా టికెట్ పట్టుకునే బల్ల దగ్గరికి వెనక్కి వచ్చింది.

"పంటి బిగువున నింపుకుంటూ పోయాను. ఎరుపు షీటు మీద కేప్ కూడా నింపేశానని తెలియనేలేదు. ఈ పేజీ దగ్గర పెద్ద నొప్పి వచ్చి కుంచె జారింది. బొట్టు కాదురా ఇది, నువ్వే. ఆ సాయంత్రం పుట్టావు."

రోలండ్ ఆ మరకను చూస్తూ కూలబడ్డాడు. "మరి తమ్ముడి రక్తం?"

"కేప్ రంగేమిటిలా మారిందని జనం ఉత్తరాలు రాశారు. తప్పని ఒప్పుకోలేక సంపాదకుడు ఆ కథ అల్లాడు. బాగానే అల్లాడు. ఉద్యోగం ఊడుతుందని నేను నోరు మూసుకున్నాను."

"తర్వాతైనా చెప్పొచ్చుగా అమ్మా?"

"ఆరేళ్లప్పుడు ఊదా టవల్ మెడకు కట్టుకుని, తమ్ముడి కోసం వెక్కివెక్కి ఏడ్చావు. నీకు తమ్ముడు లేడు. ఆ కథలోనే ఉన్నాడనిపించింది. నా నోటితో ఎలా చంపను?" లొరెట్టా కళ్లు తుడుచుకుంది. "కానీ నా చేతి తప్పు నీ కూతురి చేతి పనికి అడ్డొస్తే మాత్రం ఊరుకోను."

టెస్సా నానమ్మ చేతిని తన నీలం గోళ్ల చేతిలోకి తీసుకుంది. రోలండ్ తల వంచుకుని, భుజాలు కదుల్తుండగా నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూనే ఏడ్చాడు.

"ఎనిమిది నెలలు కదమ్మా, ఎనిమిది నెలలు తిట్టాను," అన్నాడు. లేచి కూతురి చేతిలోంచి నలిగిన టికెట్ తీసుకుని బల్ల మీద పెట్టి సాపుచేశాడు. "నీ పేరు పడేటప్పుడు నేను లోపల లేకపోతే ఎందుకు నేను?"

సినిమా హాలు ముందు పదిమందీ ఊదా మఫ్లర్లతో అట్టలు పట్టుకుని నిలబడ్డారు. రోలండ్ తల్లినీ కూతురినీ వెంటబెట్టుకుని టికెట్లతో రావడం చూసి గస్ నోరు తెరిచాడు. గస్ అంటే మంగలి షాపు గస్, గుంపులో అందరికంటే మొండి.

"లోపలికా? నువ్వా?"

"మొదట్లో నీలమే గస్. ఊదా చేసింది నేనే. సినిమా అయ్యాక మా అమ్మ చెబుతుంది," అని రోలండ్ ఆగకుండా లోపలికి నడిచాడు. వాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. కాసేపటికి అట్టలు గోడకి ఆనించి ఒక్కొక్కరే టికెట్ల కిటికీ దగ్గరికి చేరారు.

చివర్లో పేర్లు పైకి పోతున్నాయి. జనం లేచి వెళ్లిపోతున్నా ఆ కుటుంబం కదల్లేదు. చిన్న అక్షరాల్లో టెస్సా జారెక్ అని కనబడగానే రోలండ్ నిలబడ్డాడు, చప్పట్లు కొట్టాడు. కళ్లు ధారలు కడుతున్నాయి.

"ఆ నీలం బాగుందమ్మా," అన్నాడు కూర్చున్నాక. "బూట్లు మాత్రం ఘోరం."

"బూట్లు నేను చెయ్యలేదు నాన్నా."

బయట గస్ వాళ్లు కాచుకుని ఉన్నారు. లొరెట్టా ఉన్నదున్నట్టు చెప్పింది. తమ దేవుడి పుట్టుమచ్చ పురిటినొప్పని పదిమందికీ తెలిసింది. గస్ చంకలోని సంచిలోంచి, అట్టలతో పాటు చూపించాలని తెచ్చుకున్న తన యాభై ఏడో సంచిక తీశాడు. మిగతావాళ్లూ తీశారు. వరుసలో నిలబడ్డారు. ఆ పుస్తకంలో బొమ్మలేసినవాడి పేరుంది, కథ రాసినవాడి పేరుంది, రంగులేసిన ఆడవాళ్ల పేరు ఒక్కటీ లేదు.

రోలండ్ తన పుస్తకమే ముందు చాపి పదిహేనో పేజీ తెరిచాడు. ముట్టుకుంటే మాసిపోతుందని ఇన్నేళ్లూ కవరులో దాచినవాడు, జేబులోంచి పెన్ను తీసి ఇచ్చాడు.

"ఎక్కడ పెట్టనురా సంతకం?" అంది లొరెట్టా.

"నొప్పి వచ్చిన చోట పెట్టమ్మా," అన్నాడు రోలండ్.