మూడో పిలుపు

పరుగు... పరుగు!

చీకట్లో కుందూ ఏటి గట్టు మీద వరదరాజులు ఉరుకుతాండాడు. చంకలో గోనెపట్ట. పట్టలో రైఫిల్!

ఎనక అడుగుల చప్పుడు. ఆగితే ఆగుతాంది. ఉరికితే ఉరుకుతాంది!

'రంగనాథం గాడే... నాకొడుకు, వాసన పట్టినాడు!'

రజాకార్లతో కొట్లాడాలని ఇద్దరూ సరిహద్దు క్యాంపులో చేరినారు. మీసాలైనా సరిగ్గా రాని వయసు. నైజాం పడిపోయింది. క్యాంపు ఎత్తేసినారు. పిల్లోళ్లకు కాల్చడం నేర్పినోళ్లు మానుకోడం నేర్పినారా? ఒక్కడూ లేడు! రంగనాథం ఆళ్లగడ్డ దోవలో బండ్లు ఆపి దోచుకుంటాండాడు. వానికి ఈ క్యాంపు రైఫిల్ కావాల.

వరదరాజులుకు మాత్రం నంద్యాలలో పత్తి మిల్లు జగన్నాథం శెట్టి దొరికినాడు.

"తెల్లారేసరికి స్టేషన్లో తుపాకీ అప్పజెప్పు. జమేదారుతో మాట్లాడినా, కేసు లేదు, మిల్లులో పనుంది. జామీను నాది. ఒక్క గుండు పేలినా ఇద్దరం మునిగినట్టేనప్పా!"

ఇంకెంత... స్టేషన్ కూతవేటు దూరమే!

చప్పుడు దగ్గరికొచ్చింది!

గిర్రున తిరిగినాడు. రైఫిల్ భుజానికెప్పుడు ఎక్కిందో వానికే తెలీదు.

"ఎవురది?"

పలుకు లేదు. తుమ్మచెట్ల కింద నీడ కదిలింది.

క్యాంపులో నేర్పింది రెండు కేకలే. రెండోదానికీ పలక్కపోతే... కాల్చెయ్!

'వద్దురా... శెట్టి జామీనుండాడు... వద్దు...'

"ఎవురది? పలుకు!"

నీడ ముందుకే వస్తాంది. నోరు మెదపదే!

ఢాం!

"అయ్యో నాయనా!"

ఆ గొంతు... రంగనాథంది కాదు!

జగన్నాథం శెట్టి! కడుపు పట్టుకొని కూలబడినాడు. పంచె నెత్తురుతో తడుస్తాంది.

"అన్నా! రెండు మాట్లు పిలిస్తిని గదా! ఎందుకు పలకలేదన్నా?"

"తుపాకీతో ఒక్కనివే పోతే పోలీసులు కాలుస్తారని... తోడొచ్చినా. ముందర పోయేది నువ్వో, దయ్యమో... దయ్యం రెండు మాట్లే పిలుస్తాదంట, చీకట్లో మూడో మాటు పిలిస్తే గానీ పలకగూడదు గదప్పా..."

వరదరాజులు నెత్తి బాదుకున్నాడు. చిన్నప్పుడు వాళ్లమ్మా అదే చెప్పేది. క్యాంపులో మర్చిపోయినాడు!

గట్టు కింద టార్చిలైట్లు... బూట్లు... పోలీసులు!

శెట్టి రైఫిల్ తన ఒళ్లోకి గుంజుకున్నాడు.

"నువ్వు నోరెత్తొద్దు..."

"కాల్చిందెవడ్రా?" జమేదారు అరిచినాడు.

"నేనే సామీ... నా చేతిలోనే పేలింది..."

తల వాలిపోయింది.

జమేదారు నాడి పట్టి చూసినాడు. టోపీ తీసినాడు.

"పాపం, నిన్ను బాగు చెయ్యాలని సచ్చినాడు గదరా! తుపాకీ అప్పజెప్పినట్టే లే. నీ మీద కేసు లేదు. పొద్దున్నే మిల్లుకు పో!"

వరదరాజులు కదల్లేదు.

"పొమ్మంటే పోవేందిరా?"

"ఆయన కాదు సామీ... నేనే! నేనే కాల్చినా!"