ఆరు కంప్యూటర్లలో అక్క గొంతు

ఆదివారం మధ్యాహ్నం. క్లినిక్‌కి సెలవు. హాల్లో ఖాళీ కుర్చీలు, ఫినాయిల్ వాసన, ఆరు కౌంటర్ల మీద ఆరు కంప్యూటర్లు. పొద్దుటి నుంచి వాటితోనే కుస్తీ పడుతున్నాడు బుడ్డోడు. ముప్ఫై ఏళ్లొచ్చినా, క్లినిక్ కంప్యూటర్లన్నీ తనే చూస్తున్నా, ఇంట్లో మాత్రం అతను బుడ్డోడే.

ఇక్కడ రోగుల్ని పిలిచే గొంతు వాళ్లక్కది. కౌంటర్లో పనిచేసే రోజుల్లో అంకెలూ, "టోకెన్ నంబరు", "లోపలికి రండి" అన్న మాటలూ చదివి రికార్డు చేయించింది. నిరుడు అక్క పోయింది. గొంతు ఒక లైబ్రరీ ఫైల్లో మిగిలింది. టోకెన్ చీటీలిచ్చే ప్రోగ్రామూ, పిలిచే ప్రోగ్రామూ, గోడ మీది బోర్డూ అన్నీ ఆ ఒక్క ఫైలునే వాడుకుంటాయి. వాటికి మనిషితో పనిలేదు, పేరుంటే చాలు. అందుకే పాత ఫైలు పేరు మార్చి, అదే పేరుతో కొత్తది పెట్టాలి. రేపటి నుంచి వేరే అమ్మాయి గొంతు.

"దాని గొంతు నాకు తెచ్చిపెట్టరా. ఇంకెక్కడా లేదు," అని పొద్దున్నే అమ్మ మరీమరీ చెప్పింది.

ముందు కాపీ తీసుకోవాలి, తర్వాతే పేరు మార్చాలి. నిదానమే ప్రధానమని అందరికీ నీతులు చెప్పేవాడు తనే తొందరపడ్డాడు. కాపీ చివర్లో తీసుకుందాంలే అని ఐదింట్లో పేర్లు మార్చి కొత్త ఫైలు పెట్టేశాడు. ఆరోదాంట్లోనూ పేరు చివర 'పాత' అని తగిలించి, పెన్‌డ్రైవ్ పెట్టి చూశాడు.

పాత ఫైలు లేదు. మిగతా ఐదింట్లోనూ లేదు.

అమ్మకి ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి?

స్పీకర్లు గరగరమన్నాయి.

"టోకెన్ నంబరు... ఐదు."

అక్క గొంతు. బోర్డు మీద ఐదు వెలిగింది. ఎవరూ ఏమీ నొక్కలేదు. స్పీకర్ల ప్లగ్గు పీకేశాడు.

"నాలుగు."

ఈ హాల్లో అంకెలు ఎప్పుడూ పెరుగుతూ పోయేవే. తగ్గడం అతను ఏనాడూ చూడలేదు.

ఫోను మోగింది. అమ్మ. గుసగుసగా...

"పంపించావా నాన్నా? అక్క మాట్లాడుతోందిరా."

"నేనేం పంపలేదమ్మా! ఎక్కణ్ణించి మాట్లాడుతోంది?"

"తలుపవతల నుంచి. అంకెలు చెబుతోంది... ఇప్పుడే మూడంది."

బోర్డు మీద మూడు.

"అమ్మా, తలుపు తీయకు!"

"మన పిల్లరా... ఎండలో నిలబెట్టనా?"

కొత్త ఫైలు తీసేశాడు. కంప్యూటర్లన్నీ ఆపేశాడు. బోర్డు ఆగలేదు.

రెండు...

ఫోన్లో గడియ తీసిన చప్పుడు. ఆ వెంటనే, చాలా దగ్గరగా, రికార్డు చేసిన తీరులోనే... "లోపలికి రండి."

"అమ్మా? ...అమ్మా!"



బోర్డు మీద ఒకటి.

అతని పక్కన ప్రింటరు కిర్రుమంది. చీటీ బయటికొచ్చింది, ఇంకా వెచ్చగా. ఆ చీటీల మీద అంకెకి తప్ప పేరుకి చోటే లేదు.

దీని మీద అంకె లేదు. 'బుడ్డోడు' అని ఉంది.