అచ్యుతరామయ్యగారి గడ్డం జిగురు

ఆదివారం పొద్దున కాఫీ గ్లాసుతో హాల్లోకి వచ్చిన మేకప్ చీఫ్ అచ్యుతరామయ్యకు అడుగు పెట్టే చోటు లేదు. ఫిల్మ్‌నగర్‌లో ఉన్న అసిస్టెంట్లంతా చాపల మీద కూర్చున్నారు. మధ్యలో ఆయన కూతురు లాస్య సిలికాన్‌తో ముసలి చర్మం అచ్చు ఎలా పోయాలో చూపిస్తోంది. ఇక ముందు వరుసలో ఎవరయ్యా అంటే, సాక్షాత్తూ జగదీశ్! ఆయనకు రావలసిన పెద్ద సినిమాలు తన్నుకుపోయిన జగదీశ్!

ఆయన కూతుర్ని వంటింట్లోకి పిలిచాడు.

"మాంట్రియల్‌లో అన్నేళ్లు కష్టపడి నేర్చుకున్న విద్యని శనక్కాయల్లా పంచేస్తావా? అదీ ఆ జగదీశ్‌కి?"

"నాకు నేర్పిన మరియాగారు ఏదీ దాచుకోలేదు నాన్నా. ఆవిడా పోలండ్ నుంచి అక్కడికి వలస వచ్చిన మనిషే."

"ఆవిడ గోల నాకెందుకు? పెట్టుడు గడ్డాలంటించే నా జిగురు చూడు. ఇన్నేళ్లూ తలుపు గడియ పెట్టుకుని కలిపాను. మీ అమ్మకైనా చెప్పానా?"

పొయ్యి దగ్గర పుష్పవల్లి ఉప్మా కలుపుతూ, వెనక్కి తిరగకుండానే అంది. "గుగ్గిలం, స్పిరిట్, రెండు చుక్కలు ఆముదం. ఆముదం తెప్పించేది నేనే కదండీ. ఈ ఇంట్లో దాన్ని తాగేవాళ్లెవరున్నారు?"

పాపం, ఆయన ఇన్నేళ్ల గుట్టూ ఉప్మాలో కలిసిపోయింది. ఆ ఉక్రోషం కూతురి మీదికి మళ్లింది.

"క్లాసు ఆపుతావా, ఇల్లు వదులుతావా?"

"ఇల్లే వదులుతాను. రహమత్ నగర్‌లో గది చూసుకున్నాను."

ఇన్నాళ్లకు ఇంటికొచ్చిన పిల్ల! కానీ అన్న మాట వెనక్కి తీసుకోవడం ఆయన వంశంలోనే లేదు మరి.

"వెళ్లేముందు ఇంకోటీ చెప్పేస్తాను, కలిపి తిట్టండి" అంది లాస్య కళ్లు తుడుచుకుంటూ. "అక్కడి చలికి జిగురు పెళుసెక్కి గడ్డాలు ఊడిపోతుంటే మీ జిగురు కలిపిచ్చాను. చిన్నప్పుడు కిటికీలోంచి చూసి నేర్చుకున్నదే. అందరికీ నేర్పేశాను."

"ఓసి దొంగపిల్లా!" ఆయన స్టూలు మీద కూలబడ్డాడు.

లాస్య ఫోన్‌లో వీడియో పెట్టింది. నెరిసిన జుట్టు మరియా ఒక సీసా ఎత్తి విద్యార్థులకు చూపిస్తోంది. "దీని పేరు నాన్న. హైదరాబాద్ నుంచి వచ్చింది. కనిపెట్టినాయన అచూతా రామయా" అని ఇంగ్లీషులో చెప్పి, వాళ్లందరి చేతా ఆ పేరు పలికించింది.

తెర మీద ఆయన పేరు ఎప్పుడు పడిందో, ఎప్పుడు పోయిందో ఇక్కడ ఎవరూ చూసి ఎరగరు. అక్కడెవరో పిల్లలు కూడబలుక్కుని మరీ పలుకుతున్నారు. అచ్యుతరామయ్య తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. అంతలోనే తువ్వాలు తీసి, వీడియోలో మరియా జిగురు కలపడం చూసి ఉలిక్కిపడ్డాడు.

"అయ్యో, ఆముదం ముందే పోసేస్తోందేంటి? గుగ్గిలం పూర్తిగా కరగాలి కదా! ఫోన్ చెయ్యి, నేను చెప్తాను."

"అక్కడిప్పుడు అర్ధరాత్రి నాన్నా."

గుమ్మంలోంచి జగదీశ్ తల లోపలికి పెట్టాడు. "వాళ్లు లేచేదాంక మాకు జర చెప్పున్రి సార్. మేం మేల్కొనే ఉన్నం గద."

ఆయన వాడిని కింది నుంచి పై దాకా చూసి, కూతురి వైపు తిరిగాడు.

"ఆ గది వద్దని చెప్పెయ్యి. ఇంతమంది అందులో ఎక్కడ పడతారే?"