కొయ్యపాదాల మాస్టరు

మిట్టమధ్యాహ్నం...!

నడినెత్తిన భగభగ మండవలసిన సూర్యబింబాన్ని గ్రహణం అంచు నుంచి కొరుక్కుతింటున్న వేళ! ఆకాశం నిండా కాటుక మబ్బులు... వాటి వెనక ఎక్కడో గుండెలదిరే ఉరుము... పట్టపగలే రాత్రనుకుని దారితప్పిన గుడ్లగూబ ఒకటి, ఆ మహానగరంలోకెల్లా ఖరీదైన బొటిక్‌ల వీధిలో, ఒక దుకాణం బోర్డు మీద వాలి కర్ణకఠోరంగా అరిచింది!

మామూలు రోజుల్లో ఆ వీధికి భయమంటే ఏమిటో తెలియదు. దానికి తెలిసిందల్లా షోకు. అద్దాల వెనక తలల్లేని బొమ్మలు పట్టుగౌన్లు తొడుక్కుని నిలబడతాయి. తలలున్న మనుషులు వాటిని చూసి మతులు పోగొట్టుకుంటారు. ఒక్కో హ్యాండ్‌బ్యాగు తనకంటూ ఒక చిన్న దీపం పెట్టించుకుని మహారాణిలా కొలువుతీరి ఉంటుంది. ఆవేళ గాలివాన హెచ్చరిక విని అందరూ తాళాలు వేసేసి వెళ్ళిపోయారు... గుడ్లగూబ వాలిన దుకాణం తప్ప!

దాని యజమానిని అందరూ మాస్టరు అనే పిలుస్తారు. సన్నని మనిషి, నున్నని చెంపలు, తేనె పూసిన మాట. చూస్తే నలభై దాటి ఉండవనిపిస్తుంది. కానీ అతనితోపాటు పుట్టినవాళ్ళెవరూ ఇప్పుడు భూమ్మీద లేరు!

అతని దగ్గర రెడీమేడ్ సరుకు దొరకదు. వచ్చినావిడని మఖమలు పీట మీద కూర్చోబెట్టి, తను ఆమె పాదాల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంటాడు. కాగితం మీద పాదం చుట్టూ పెన్సిలు తిప్పుతాడు. టేపుతో మడమ, వేళ్ళు, పాదం ఎత్తు కొలుస్తాడు. ఆ కొలతలతో కొయ్యలో అచ్చంగా అలాంటి పాదాన్నే చెక్కి, దాని మీద తోలు బిగించి జోడు కుడతాడు. మంచి పనివాళ్ళంతా చేసేది ఇదే. అతను చేసే అసలు పని వేరే ఉంది. అది దుకాణం కింద, నేలమాళిగలో!

అక్కడ గోడల నిండా అరలు. అరల నిండా కొయ్యపాదాలు! నేల మీద నల్లటి ముగ్గు, దాని నడుమ ఒక కపాలం... అది మాస్టరుకి ఈ క్షుద్రవిద్య నేర్పిన గురువుది! కళ్ళగుంటల్లో రెండు వత్తులు ఎర్రగా మండుతున్నాయి. మంత్రం జపిస్తూ ఎవరి కొయ్యపాదం మీద జోడు కుడతాడో, ఆ మనిషి అడుగులు అతని చెప్పుచేతల్లోకి వచ్చేస్తాయి. గ్రహణం పూర్తిగా పట్టిన క్షణాన ఆమె నడిచొచ్చి ముగ్గులో కాలు పెట్టిందా... ఆమె బతకవలసిన ఏళ్ళన్నీ అతని ఖాతాలో పడతాయి! మర్నాడు పేపర్లో మాత్రం గుండెపోటు అనో, మనిషి కనబడటం లేదనో వస్తుంది.

"హ్రాం... హ్రీం... హ్రూం... రా! నడిచి రా!" అని ఆ నేలమాళిగలో మాస్టరు గర్జించాడు.

ఊరి అవతలి కొసన ఒక మూడో అంతస్తు ఫ్లాటులో, సోఫాలో కూర్చున్న అక్క చటుక్కున లేచి నిలబడింది!

అక్క పళ్ళ డాక్టరు. రోజంతా నిలబడి చేసే పని కాబట్టి క్లినిక్‌లో రబ్బరు చెప్పులు తప్ప వేసే వీలు లేదు. ఆ కసి అంతా హైహీల్స్ మీద తీర్చుకుంటుంది. మాస్టరు కుట్టిన నేరేడు రంగు హీల్స్ మొన్ననే ఇంటికొచ్చాయి. మడమ దగ్గర సన్నని పట్టీ, పట్టీకి వెండి బకిల్. కాలికి తొడిగింది... అంతే! ఆ బకిల్ మళ్ళీ ఊడలేదు. నూనె రాశారు, కత్తెర పెట్టారు. కత్తెర వంగింది కానీ పట్టీ తెగలేదు. అప్పటి నుంచి అక్క సరిగ్గా నిద్రపోలేదు.

అక్కకి ఉన్నది ఒక్క చెల్లెలు. కారు డ్రైవింగ్ నేర్పే టీచరు, నోరు పెద్దది. అమ్మ పోయాక తనని పెంచింది అక్కే కాబట్టి, ఆ నోరు అక్క దగ్గర మాత్రం కాస్త తగ్గుతుంది.

"ఎక్కడికే? బయట వానొచ్చేలా ఉంది."

"నేను వెళ్ళట్లేదే! నా కాళ్ళు వెళ్తున్నాయి!" అక్క కేకపెట్టింది. తలుపు గడియ పట్టుకుని వేలాడింది. కాళ్ళు మాత్రం గుమ్మం దాటేశాయి. "పట్టుకో... నన్ను వదలకు!"

"వదల్తానా!" చెల్లెలు నడుం చుట్టూ చేతులు వేసి వెనక్కి లాగింది. అయినా ఆ పాదాలు ఆగలేదు. మెట్ల మీద టక్... టక్... టక్! సిగ్నలు దగ్గర చెల్లెలు అలవాటుకొద్దీ "బ్రేక్! బ్రేక్!" అని కేకేసింది. రోడ్డు మీద కార్లన్నీ ఆగాయి గానీ అక్క ఆగలేదు. చూస్తున్నవాళ్ళెవరో ఫ్యాషన్ షో రిహార్సలు అనుకుని ఫోన్లో వీడియో తీశారు.

ఉరుములు... మెరుపులు... కళ్ళెదుటే కుంచించుకుపోతున్న వెలుగు! అక్కని పట్టుకుని వేలాడుతూ చెల్లెలు నగరం సగం దాటింది. బొటిక్‌ల వీధిలో అద్దాల వెనకున్న బొమ్మల మధ్య నుంచి వాళ్ళిద్దరి నీడలూ పరుగెత్తాయి. మాస్టరు దుకాణం తలుపులు ఎవరూ తియ్యకుండానే తెరుచుకున్నాయి. ఇద్దరూ లోపలికి రాగానే... ధడాల్న మూసుకున్నాయి!

"రండి మేడమ్. మీకోసమే చూస్తున్నాను." నేలమాళిగ మెట్ల కింద నుంచి మాస్టరు ఎప్పటిలాగే తేనె పూసిన గొంతుతో పలకరించాడు. "ఈవిడెవరు? అపాయింట్‌మెంట్ లేకుండా మేమెవరినీ రానివ్వమే!"

"నీ అపాయింట్‌మెంట్ తగలెయ్య! మా అక్క కాళ్ళని ఏం చేశావురా?"

ఇద్దరూ నేలమాళిగలోకి దిగగానే మాస్టరు చిటికె వేశాడు. ఏదో కనిపించని చెయ్యి చెల్లెల్ని ఎత్తి అరలకేసి విసిరికొట్టింది! నెత్తుటి రుచి నోట్లోకొచ్చింది. లేవబోతే ఒళ్ళంతా మేకులు కొట్టినట్టు బిగుసుకుపోయింది. కళ్ళు మాత్రం కదులుతున్నాయి. అంతకన్నా ఘోరం ఏముంటుంది... తనని పెంచిన మనిషి చావుకి నడిచి వెళ్తుంటే కళ్ళప్పగించి చూడవలసి రావడం!

వీధి మీద ఆఖరి వెలుగు చుక్క ఆరిపోయింది. సంపూర్ణ గ్రహణం! నలుదిక్కులా కరాళ తిమిరం!

"హ్రాం... హ్రీం... హ్రూం... రా!"

టక్... టక్... అక్క ముగ్గు అంచుకొచ్చింది. కన్నీళ్ళు చెంపల మీంచి కారిపోతున్నాయి. "చిన్నీ... కళ్ళు మూసుకోవే. నువ్వు చూడకు" అంది. ఆ మాటతో చెల్లెలి గుండె రెండు చెక్కలైంది.

పాదం గాలిలోకి లేచింది...

అక్కడే ఆగిపోయింది!

మాస్టరు నుదురు చిట్లించాడు. గొంతు పెంచి మళ్ళీ జపించాడు. పాదం దిగలేదు. కపాలంలో వత్తులు రెపరెపలాడి, ఎర్రమంట కాస్తా నేరేడు రంగుకి తిరిగింది. ఎన్నేళ్ళుగానో కదలని దవడ... కిర్రుమని కదిలింది!

"ఒరే మూర్ఖుడా! ఎవరి కొయ్య మీద కుట్టావురా?"

మాస్టరు మొహంలో నెత్తురుచుక్క లేదు.

సంగతేమిటంటే, గ్రహణం తరుముకొచ్చింది, కొత్త కొయ్య ఆరలేదు. పచ్చికొయ్య మీద కుడితే జోడు వంకరపోతుంది. పేరున్న పనివాడికి అంతకన్నా అప్రతిష్ఠ లేదు. అరలో వెతికితే దాదాపు అదే కొలతలో ఒక పాత కొయ్యపాదం దొరికింది. బొటనవేలి దగ్గర కాస్త తక్కువ, పాదం మీద కాస్త ఎత్తు తక్కువ. తోలుముక్కలు అంటించి సరిచేసుకున్నాడు. ఈ పనిలో అందరూ చేసే సర్దుబాటే అది. కాకపోతే ఆ కొయ్య, కిందటి గ్రహణానికి ఇదే ముగ్గులో ప్రాణం వదిలిన ఒక మోడల్ పిల్లది! చచ్చినదాని కొయ్య ఏం చేస్తుందిలే అనుకున్నాడు, తన విద్య తనకే వచ్చుననుకునే మహానుభావుడు.

జోడులో నడిచొచ్చింది అక్క ఒక్కతే కాదు మరి!

అక్క తల మెల్లగా పైకి లేచింది. జుట్టు విరబోసుకుంది. కళ్ళల్లో నల్లగుడ్లు మాయమయ్యాయి. పెదవులు కదిలాయి... కానీ ఆ గొంతు అక్కది కాదు!

"గుర్తుపట్టావా మాస్టరూ...? నీ పీట మీద కూర్చుని, నీ పొగడ్తలకి నవ్విన పిల్లని!"

"ఆగు! నేను నీ యజమానిని! ఆజ్ఞాపిస్తున్నాను... వెనక్కి పో!"

"నీ ముగ్గుకి కావలసింది బతికున్నవాళ్ళు. నా దగ్గర ఇక తీసుకోవడానికేముందిరా!"

వికటాట్టహాసం నేలమాళిగని దద్దరిల్లజేసింది! ఆమె ముగ్గులో కాలు పెట్టింది. ఏ ప్రాణమూ ఆమె నుంచి అతనిలోకి పోలేదు. బదులుగా అరలన్నీ కంపించాయి. ఒక కొయ్యపాదం నేల మీదికి దూకింది... దాని పక్కన ఇంకొకటి... ఆపైన వందలు! టక్ టక్ టక్ టక్ మంటూ, ఏళ్ళు పోగొట్టుకున్న ఆడవాళ్ళంతా ఒక్కసారి బయల్దేరినట్టు, నాలుగు గోడల నుంచీ అతన్ని చుట్టుముట్టాయి!

"క్షమించండి మేడమ్... క్షమించండి!" అలవాటైన మోకాళ్ళ మీదే కూలబడ్డాడు మాస్టరు. కొయ్యపాదాలు అతని మీదికి ఎక్కాయి. అవి తొక్కినచోటల్లా దొంగిలించిన వయసు ఊడిపోతోంది. నున్నని చెంపలు వడలిపోయాయి... పళ్ళు రాలాయి... చర్మం ఎముకని వదిలేసింది! ఆ ఆర్తనాదం వీధిదాకా వినబడింది. కపాలం ఫెళ్ళున పగిలింది. కొయ్యలన్నీ పక్కకి ఒరిగేసరికి, మాస్టరు ఉన్నచోట గుప్పెడు బూడిద, మెడలో వేసుకునే టేపు మిగిలాయి.

చెల్లెలి ఒంటికి పట్టిన బిగువు వదిలింది. పాక్కుంటూ వచ్చి అక్క చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి మంచుముక్కలా ఉంది. కళ్ళు ఇంకా తెల్లగానే ఉన్నాయి.

"అక్కా..."

"నేను మీ అక్కని కాను."

"అయితే మా అక్కని ఇచ్చెయ్!"

"ఎందుకివ్వాలి? ఇన్నేళ్ళకి నాకు కాళ్ళొచ్చాయి. నేను వెళ్తున్నాను. దారికి అడ్డొస్తే నిన్నూ తొక్కేస్తా!"

చెల్లెలికి భయం వెయ్యలేదని చెప్తే అబద్ధం. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. అయినా చెయ్యి వదల్లేదు.

"తొక్కు. తొక్కినా వెనకాలే వస్తా. నువ్వు ఏ ఊరెళ్తే ఆ ఊరొస్తా. పడుకుంటే గుమ్మంలో కూర్చుంటా. తింటుంటే ఎదురుగా కూర్చుని ఏడుస్తా. మా అక్కనిచ్చేదాకా నీకు మనశ్శాంతి ఉండదు. నేనెంత జిడ్డునో నీకు తెలీదు!"

పైన ఉరుము ఉరిమి ఆగింది. ఆ తెల్లకళ్ళు తన చెయ్యి పట్టుకున్న వేళ్ళ వైపు వాలాయి. మళ్ళీ మాట్లాడినప్పుడు ఆ గొంతులో ఉగ్రత లేదు.

"నాకోసం ఎవరూ రాలేదు. మోడల్ కదా... ఎవడితోనో లేచిపోయి ఉంటుందన్నారు. అందరూ నమ్మారు." తల వంచుకుంది. "నాకూ ఒక చెల్లి ఉంది. అదీ నమ్మింది."

చెల్లెలు ఇంకాస్త దగ్గరికి జరిగింది. ఆ చల్లని చేతిని రెండు చేతులతో గట్టిగా నొక్కింది.

ఆమె వెళ్ళి మెట్టు మీద కూర్చుంది. నేరేడు రంగు పాదాలు రెండూ ముందుకి చాపింది.

"తియ్" అంది.

చెల్లెలు మోకాళ్ళ మీద కూర్చుని బకిల్ మీద వేలు పెట్టింది. ముట్టుకోగానే ఊడిపోయింది. ఒకటి... రెండోది... జోడు కింద పడింది. మెట్ల పైనుంచి గ్రహణం వీడిన ఎండ పల్చగా దిగివచ్చి, అక్క పాదాల మీద ఎర్రగా కమిలిన పట్టీ గుర్తుల మీద పడింది. అక్క పెద్దగా ఊపిరి తీసుకుని కళ్ళు నులుముకుంది. ఆ కళ్ళు నల్లగా, తడిగా, అచ్చం అక్క కళ్ళలా ఉన్నాయి.

"ఏంటే... నా కాళ్ళు పట్టుకుని అలా ఏడుస్తున్నావు?"

చెల్లెలు ఆ పాదాలని ఇంకా గట్టిగా పట్టుకుంది. అక్క దొరికిన సంతోషం ఒక పక్క ఉంది. కానీ ఎంత ఆపుకున్నా ఆగని ఆ ఏడుపు మాత్రం, తన అక్క లేచిపోయిందని నమ్మి ఈనాటికీ ఆమె మీద కోపంగానే ఉన్న ఎవరో చెల్లెలి కోసం.