ఎల్, ఈ, డీ, యూ

చోడవరంలో పంచదార ఫ్యాక్టరీకి పోయే రోడ్డు మీద ఒక లారీ షెడ్డు ఉండేది. పొద్దుగూకితే అటు ఎవరూ పోయేవారు కాదట. తొంభై అయిదులో చెరుకు లారీ తోలే సన్నిబాబు దాని ముందు బండి ఆపి, లైట్లయినా ఆర్పకుండా, ఎటో వెళ్లిపోయాడు. మళ్లీ కనబడలేదు. దెయ్యం పట్టుకుపోయిందన్నారు. మనిషిని వెతకడం కన్నా ఆ మాట అనడం సులువు కదా.

తొంభై తొమ్మిదిలో ఆ షెడ్డులో ఊరి కుర్రాడు శామ్సన్ కంప్యూటర్ పెట్టాడు. అతనికో పిచ్చి — ఒక కంప్యూటర్ లోపల, ఉత్తుత్తిగా, ఇంకో కంప్యూటర్ నడపాలని. ప్రింటర్‌ని ఆ లోపలిదానికి అప్పగించాలంటే తగిన డ్రైవర్ ఉండాలి. డ్రైవర్ అంటే మనిషి కాదు, ప్రింటర్‌ని నడిపించే చిన్న ప్రోగ్రాం. అది ఉందో లేదో చూసి చెప్పడానికి శామ్సన్ ఇంకో ప్రోగ్రాం రాశాడు. ఓల్టేజీ సరిగ్గా ఉండేది రాత్రిళ్లే కాబట్టి, పనీ రాత్రిళ్లే.

ఓ రాత్రి... సన్నిబాబు తమ్ముడు తవిటయ్య తప్పనిసరై ఆ దారిన పోతూ కిటికీలోంచి చూశాడు. చీకటి గది — నీలం వెలుగు — కుయ్, కుయ్, కుయ్ — తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు మాటలు. మహా పండితుడు కదా, కూడబలుక్కుని చదివాడు.

"డ్రైవర్... లేడు."

ఇక పరుగే పరుగు.

తెల్లారేసరికి ఊరు తేల్చేసింది. సన్నిబాబు పోయాడు, ఆత్మే మిషన్లో దూరి చెప్పింది. మర్నాడు తెల్లవారుజామున వదిన బొట్టూ గాజులూ తీయించాలని తవిటయ్య పెద్దల్ని పిలిచాడు. అన్న వాటా చెరుకుతోట నాలుగేళ్లుగా తవిటయ్యే అనుభవిస్తున్నాడన్న సంగతి ఏ పెద్దమనిషికీ గుర్తు రాలేదు.

ఆ రాత్రి షెడ్డు తలుపు చప్పుడైంది... శామ్సన్ ఉలిక్కిపడి తలుపు తీశాడు. గుమ్మంలో ఓ ఆడమనిషి. సన్నిబాబు భార్య, అచ్చియ్యమ్మ.

"బాబూ... అది నిజంగా అలగే అన్నాదా?" అంది గుసగుసగా. "తెల్లారితే నా బొట్టు తీసెత్తారట."

శామ్సన్‌కి సిగ్గేసింది. "అది లేడు కాదు పిన్నీ, లేదు. ఇంగ్లీషులో రెంటికీ అవే అక్షరాలు — ఎల్, ఈ, డీ, యూ. ప్రింటర్ సంగతది. బాబాయి ఊసే కాదు."

"ఆ ముక్క ఆళ్లకి సెప్పు బాబూ."

"సెప్తే ఇంటారేటి? సూపిద్దాం," అన్నాడు శామ్సన్.

ఇంకా చీకటుండగానే శామ్సన్ పెద్దల్నీ తవిటయ్యనీ షెడ్డుకి తీసుకొచ్చాడు. అప్పటికే ప్రోగ్రాంలో ఒక్క మాట మార్చి ఉంచాడు. కుయ్, కుయ్, కుయ్... అందరూ గోడకి అతుక్కుపోయారు. తవిటయ్య మళ్లీ కూడబలుక్కుని చదివాడు.

"డ్రైవర్... ఉన్నాడు."

తవిటయ్యే ముందు తేరుకున్నాడు.

"మిషన్ మాటేటి? దానికేటి తెలుసు?"

"అవునవును, దానికేటి తెలుసు," అన్నారు పెద్దలందరూ.

అచ్చియ్యమ్మ ముందుకొచ్చింది.

"ఏటీ తెలీదు కదా తవిటయ్యా. మరి నా గాజులెందుకు పగలగొడతారు?"

ఆమె గాజుల చెయ్యి ఊపుకుంటూ మొగుడి వాటా తోట దారి పట్టింది.