మూడో అంతస్తు మలుపు

ఆ అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు దాటాక మెట్లు తిరిగే మలుపు ఉందే — దానికి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక అక్కడ ఎవరో ఊపిరి పీలుస్తారట. లిఫ్టు చెడిపోయిందంటే చాలు, పైవాళ్ళు నలుగురు పోగైతే గానీ మెట్లెక్కేవాళ్ళు కాదు.

ఐదో అంతస్తు ఉపన్యాసకుడు గారు మాత్రం నవ్వేవారు. రోజూ సాయంత్రం కింది హాల్లో ప్రసంగం ఆయనదే. "మీ బలం అయిపోయిన చోట దేవుడి బలం మొదలవుతుంది. ఇక భయమెందుకు?" అంటూ బల్ల గుద్దేవారు. అందుకే అందరూ ఆయన్ని అభయంగారు అనేవాళ్ళు. ఆ పిలుపంటే ఆయనకి ప్రాణం.

ఆ రాత్రి ప్రసంగం ముగించుకుని వచ్చేసరికి లిఫ్టు కదల్లేదు. సరే, మెట్లెక్కుతుంటే కరెంటూ పోయింది.

గోడ తడుముకుంటూ మూడో అంతస్తు దాటారు... అప్పుడు వినబడింది.

ఊపిరి. బరువుగా, ఈల వేసినట్టు. దాంతోపాటే పైనుంచి దేన్నో ఈడుస్తున్న చప్పుడు — సర్ర్ర్...

అభయంగారి పై ప్రాణాలు పైనే పోయాయి. ఇన్నేళ్ళూ అందరికీ ధైర్యం పంచారే గానీ, తనకంటూ గుప్పెడైనా దాచుకోలేదు పాపం! దేవుణ్ణి పిలుద్దామంటే నాలుక పిడచకట్టుకుపోయింది.

"దే... దే..."

అక్కడితో ఆగిపోయారు.

చీకట్లోంచి గుసగుస.

"బాబూ... నా బలం అయిపోయింది... ఒక చెయ్యి వేస్తారా?"

అంతే! బతుకు జీవుడా అంటూ రెండేసి మెట్లు దూకుతూ కిందికి పరిగెత్తి, వాచ్‌మన్ గదిలో దూరారు. తెల్లారేదాకా ముసుగు తియ్యలేదు.

మర్నాడు ప్రసంగం మొదలుపెట్టబోతుంటే నాలుగో అంతస్తు పెద్దావిడ లేచింది. ఆవిడ భర్త మంచాన పడ్డాడు. వీపంతా పుళ్ళు.

"రాత్రి మా ఆయన కోసం మెత్తటి పరుపు తెచ్చి, ఒక్కదాన్నే ఈడ్చుకెళ్తున్నాను. మలుపు దగ్గర ఇక నా వల్ల కాలేదు. దేవుడా, నువ్వే దిక్కు అనుకున్నాను... ఈ బాబు వచ్చారు! గొంతు పోల్చుకున్నానుగా. ముందు జడుసుకుని దిగిపోయారు. కాసేపటికి మళ్ళీ వచ్చి పరుపు అందుకున్నారు. గుమ్మందాకా మోసి, మారుమాట లేకుండా వెళ్ళిపోయారు. చాన్నాళ్ళకి మా ఆయన కంటినిండా నిద్రపోయాడండీ!"

హాలంతా చప్పట్లు.

"అది నేను కాదమ్మా" అనడానికి ఎంతసేపు? అభయంగారు గొంతు సవరించుకున్నారు. కళ్ళు అరమూసుకున్నారు.

"నాదేముందమ్మా... అంతా ఆ దేవుడి బలం."

చప్పట్లు రెట్టింపయ్యాయి. పెద్దావిడ కళ్ళు తుడుచుకుంటూ దగ్గరికొచ్చి, ఆయన చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

తీసుకుని... అలాగే ఉండిపోయింది. ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదేంటి బాబూ..." అంది మెల్లగా, "మీ చెయ్యి వెచ్చగా ఉంది?"

"అంటే... ఎందుకమ్మా?"

"రాత్రి నా చేతికి తగిలింది మంచుగడ్డలా ఉంది మరి... అది ఎవరి చెయ్యి బాబూ?"